సగం చదివిన ఏడో పాఠం

తాళంచెవి టీవీ మీద ఉంది.

జ్ఞానదాసు స్నానం చేసి, తుండు భుజాన వేసుకుని హాల్లోకి రాగానే ముందు అదే కంటబడింది. నల్లదారం కట్టిన ఇత్తడి తాళంచెవి. తమ ఇంటిదే. పన్నెండేళ్ళుగా బావమరిది జాన్ పాల్ దగ్గర ఉండే రెండో తాళంచెవి.

"ఇదెవులు తెచ్చారు?"

వంటింట్లో మూకుడు మీద గరిట మాత్రం ఠంగుమంది.

"స్టెఫీ! ఈ తాళంచెవి ఎలగొచ్చిందే?"

డిగ్రీ రెండో సంవత్సరం చదివే కూతురు జడ అల్లుకుంటూ గది గుమ్మంలోకి వచ్చింది. "మావయ్య ఇచ్చాడు డాడీ. నిన్న మా కాలేజీ బస్టాప్‌కి వచ్చాడు. ఇంక మా దగ్గరెందుకు, డాడీకి ఇచ్చెయ్ అన్నాడు."

"ఇంకేటన్నాడు?"

"ఏమీ అనలేదు. బాగా చదువుతున్నావా అన్నాడు. గొంతు అదోలా ఉంది. నేను మొహంలోకి చూళ్ళేదు."

వంటింట్లోంచి కృపావతి గొంతు వినిపించింది. "స్టెఫీ, మీ నాన్నకి సెప్పు. ఉప్మా టేబులు మీదున్నాదని."

"డాడీ, ఉప్మా..."

"ఇనబడింది."

"వినబడిందంట మమ్మీ."

"ఇనబడితే తినమను."

"మమ్మీ, నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజా? ఆరు రోజులైంది! మీరిద్దరూ డైరెక్టుగా కొట్టుకోవచ్చు కదా!"

ఎవరూ నవ్వలేదు. స్టెఫీ కూడా నవ్వలేదు.

ఆరు రోజులు. గత ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా" అనగానే జ్ఞానదాసు లేచాడు. తొంభైనాలుగులో తన తమ్ముడు దానియేలుకి పోర్టు నుంచి వచ్చిన ఇంటర్వ్యూ కాగితం మాయమైపోయిందనీ, దాన్ని దాచింది అప్పట్లో తమ ఇంట్లోనే ఉంటూ అదే ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్న బావమరిది జాన్ పాలేననీ, తొమ్మిదేళ్ళు ఆ సంగతి కడుపులో పెట్టుకున్నాననీ, ఇవాళ అందరి ముందూ అతన్ని క్షమించేస్తున్నాననీ గడగడా చెప్పేసి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు. మనసు దూదిలా తేలిపోయింది. ఎంత తేలిపోయిందంటే, పక్క వరసలో జాన్ పాల్ మొహంలో నెత్తురుచుక్క లేకపోవడం కూడా చూడలేదు.

ఇదంతా ఆ పసుపు అట్ట పుస్తకం వల్ల వచ్చింది.

స్టీల్ ప్లాంట్‌లో మూడు రోజుల ట్రైనింగ్ క్లాసు పెట్టి, చివరి రోజున తలా ఒక పుస్తకం చేతిలో పెట్టారు. ఇరవై ఒక్క పాఠాలు. మిగిలినవాళ్ళు క్యాంటీన్ బల్లల మీదే మర్చిపోయారు. జ్ఞానదాసు మర్చిపోలేదు. పదమూడేళ్ళుగా క్రేన్ క్యాబిన్‌లో ఒక్కడే కూర్చుని పనిచేసే మనిషికి, నువ్వు గొప్పవాడివి అని ఒక పుస్తకం చెప్పడం ఇదే మొదటిసారి! షిఫ్ట్ బస్సులో రోజుకో నాలుగు పేజీలు, ఎర్ర పెన్నుతో కింద గీతలు. మొదటి పాఠం ప్రకారం పొద్దున్నే అద్దంలో తనని చూసుకుని నవ్వేవాడు. స్టెఫీ రెండు రోజులు భయపడింది. మూడో పాఠం ప్రకారం బస్సు డ్రైవరు పేరు అడిగి తెలుసుకున్నాడు. ఐదో పాఠం ప్రకారం ఎవరు బాగున్నావా అన్నా "అద్భుతం" అనాలి. ప్లాంట్‌లో తోటివాడు కామరాజు వాళ్ళ నాన్న భూస్థాపనలో, సమాధి పక్కన నిలబడి కూడా అలాగే అనేశాడు. కామరాజు ఇప్పటికీ మాట్లాడటం లేదు.

ఏడో పాఠం పేరు "బరువు దించుకోండి". దించుకున్నాడు. ఆ బరువు ఎవరి నెత్తిన పడిందో చూసుకోలేదు.

వాళ్ళ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. సాక్ష్యంలో ఎవరి మీదైనా తప్పు పడిందంటే, ఆ మనిషి ఒప్పుకుని క్షమాపణ అడిగేదాకా, లేదా తప్పు లేదని తేలేదాకా, ప్రభువు బల్లకి రాకూడదు. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆరాధన అది. ఆ చిన్న చిన్న గాజు గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఒంగి ఒంగి ఒక్కొక్కరికీ అందించే సంఘపెద్ద జాన్ పాలే. ఎనిమిదేళ్ళుగా అతనే. రేపు మొదటి ఆదివారం. మీరు ఈ ఆదివారం పళ్ళెం పట్టొద్దు బాబూ, బల్ల దగ్గరికీ రావొద్దు అని అయ్యగారు మొన్న అతనికి కబురు పెట్టారు.

జ్ఞానదాసు ఉప్మా ముట్టలేదు. లేచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు చూశాడు, స్టవ్ పక్కన కింద నీలం సంచీ. జిప్పు వేసి ఉంది. కొంగు అంచు జిప్పులో ఇరుక్కుని బయటికి వేలాడుతోంది.

"ఏటే ఇది?"

కృపావతి కూతుర్ని పిలవలేదు. ఆరు రోజుల తరవాత మొదటిసారి మొగుడి మొహంలోకి చూసింది. మేనత్త కొడుకే ఆమెకి. చిన్నప్పట్నుంచీ ఏ మాట అనాలన్నా బావా అనే మొదలుపెట్టేది. ఇవాళ ఆ పిలుపూ లేదు.

"రేపు ఆరాధనలో నా తమ్ముడి పేరు నిలబడకపోతే, నాను అట్నుంచటే ఆడి ఇంటికి ఎల్లిపోతాను."

"ఎల్లిపోయి?"

"ఉంటాను."

"కృపా, నాను తిట్టనేదు వాడ్ని. క్షమించాను. పుస్తకంలో ఎలగ రాసుందో అలగే సేసాను. ఇదిగో సూడు." షిఫ్ట్ సంచీలోంచి పుస్తకం లాగి, మడత పెట్టిన పేజీ తెరిచాడు. "సదువు. నువ్వే సదువు!"

ఆమె తడిచేతులు చీరకి తుడుచుకుని పుస్తకం అందుకుంది. స్కూల్లో ఆయాగా చేస్తూ పిల్లల పక్కన కూర్చుని చదువు గట్టిపరుచుకున్న మనిషి. ఒక్కో మాటా విడమరిచి చదివింది.

"మీకు అన్యాయం చేసిన మనిషి పేరు మీ గుండెలో రాయిలా ఉంది. ఇవాళే దించండి. నిన్ను క్షమించాను అని నోరారా అనండి. రేపటికి వాయిదా వెయ్యకండి."

"ఆఁ! మరి? నా సొంతమేటన్నా కలిపానేటి?"

కృపావతి పేజీ తిప్పింది.

"అయితే ఆ మాట అనేముందు ఆ మనిషి ఎదురుగా కూర్చోండి. జరిగిందేమిటో అతని నోటితోనే వినండి. మనం మోస్తున్న రాళ్ళలో సగం మనం ఊహించుకున్నవే."

ఆమె ఆగింది. వేలు పెట్టి చూపించింది.

"దీని కింద ఎర్రగీత నేదేటి?"

జ్ఞానదాసు పుస్తకం లాక్కుని చూశాడు. నిజమే. గీత ఆ పేజీ చివరి అక్షరం దాకా ఉంది. తిప్పాక లేదు. ఆ రోజు బస్సు కంచరపాలెం మెట్టు దగ్గర ఆగిపోయింది. పుస్తకం మూసి దిగిపోయాడు. ఇంటిదాకా నడిచినంతసేపూ గుండె ఉప్పొంగిపోతూనే ఉంది. మర్నాడే ఆదివారం. పేజీ తిప్పడం అన్న ఆలోచనే రాలేదు.

"పుస్తకం మంచిదే," అంది కృపావతి. "పుస్తకాన్నేటీ అనకు. తొమ్మిదేళ్ళు నా పక్కనే పడుకున్నావు. ఒక్కసారి, ఒక్కసారి నన్నడిగుంటే?"

"నిన్నేటని అడగను? నీ తమ్ముడే దొంగ అనా? నువ్వు బాధపడతావనే కదా మింగీసాను!"

"వాడు దొంగని నీకెవులు సెప్పారు?"

"పోస్ట్‌మేన్ సెప్పాడు. రెండు కవర్లూ ఒకే రోజు మీ ఇంటికాడే ఇచ్చీసానన్నాడు. నాను డూటీలో ఉన్నాను. దానియేలు బైటికెల్లాడు. ఇంట్లో ఉన్నది జాన్ పాల్."

"నానూ ఉన్నాను."

జ్ఞానదాసు పుస్తకం మూశాడు.

"రెండు కవర్లూ నాకే ఇచ్చాడు పోస్ట్‌మేన్. ఒకటి నా తమ్ముడికిచ్చాను. రెండోది, మజ్జేన్నం నీ తమ్ముడొస్తే, ఆడి సేతికే ఇచ్చాను. ఆడు సదివాడు. ఎనక్కెల్లి నీళ్ళపొయ్యిలో పెట్టీసాడు. నాను సూసాను."

"దానియేలా? అబద్ధం! ఆడి ఉద్యోగం ఆడే కాల్చుకుంటాడేటి?"

"కాల్చుకున్నాడు. ఇంటర్వ్యూలోనే కళ్ళ పరీక్షంట, రంగులు సూపించి అడుగుతారంట. ఆడికి ఎరుపూ ఆకుపచ్చా తెలవ్వు బావా. పుట్టినకాడ్నుంచీ తెలవ్వు."

స్టెఫీ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. జ్ఞానదాసు కిటికీలోంచి వీధి వైపు చూశాడు. ఏమీ కనబడలేదు.

"అప్పుడే ఆడికి గంగాభవాని సంబంధం కుదిరింది. కళ్ళు బాగోనేదని తెలిస్తే పెళ్ళి పోతాదని నా కాళ్ళ మీద పడ్డాడు. అన్నయ్యకి సెప్పకు వదినా, ప్రభువు మీద ఒట్టెయ్యి అన్నాడు. ఏసాను. నువ్వు నా తమ్ముడి మీద నేరం కట్టావని తెలిస్తే ఆ ఒట్టు ఆ రోజే తీసి గట్టున పెట్టీదాన్ని. నువ్వు సెప్పవు, నాకు తెలవదు."

"మరి ఈ ఆరు రోజులు?"

"ఆరు రోజులూ నీ తమ్ముడికి గడువిచ్చాను. ఎల్లి మీ అన్నయ్యతో నువ్వే సెప్పు అన్నాను. రోజూ రేపంటాడు. ఇవాళ ఆఖరు."

అప్పుడే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. శనివారం. రైతుబజారుకి కిరాయి పడితే వదినకి కూరగాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోవడం దానియేలుకి అలవాటు.

"వదినా! టమాటాలు, వంకాయలూ..." అంటూ లోపలికి వచ్చినవాడు ముగ్గురి మొహాలూ చూసి ఆగిపోయాడు. సంచీ కింద పెట్టాడు. చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.

జ్ఞానదాసు వెళ్ళి సంచీలోంచి ఒక టమాటా తీశాడు. పచ్చికాయ. ఇంకోటి తీశాడు. పండి పండి నొక్కుకుపోయింది. ఏళ్ళ తరబడి ఇంతే. చిన్నాన్న తెచ్చిన టమాటాలు పచ్చడికీ పనికిరావు, పప్పులోకీ పనికిరావు అని ఇంట్లో పెద్ద జోకు. స్టెఫీ చిన్నప్పుడు దాని మీద పాట కూడా కట్టింది.

"ఇదేటి రంగురా?"

"అన్నయ్యా..."

"సెప్పు. ఏ రంగు?"

దానియేలు వదిన వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

"నొక్కి సూసి ఏరతాను," అన్నాడు నెమ్మదిగా. "మెత్తగా ఉంటే పండిందని. తొందర్లో అన్నీ నొక్కలేను."

జ్ఞానదాసుకి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యి కూడా లేచింది. లేచిన చెయ్యి టమాటాని మళ్ళీ సంచీలో పెట్టేసింది. ఎందుకో తెలీదు.

"ఆదివారం నాను లేచి ఆ మాటలన్నప్పుడు నువ్వు ఎనక చాప మీదే ఉన్నావు కదరా. ఇన్నావు కదా?"

"ఇన్నాను."

"లేవొచ్చు కదా?"

"లేద్దామనుకున్నాను. కాళ్ళు రానేదన్నయ్యా. నువ్వలగ అనుకుంటన్నావని నాకు అప్పుడే తెలిసింది. ఒట్టు. అంతవరకూ కాయితం పోయిందనే అనుకున్నావనుకున్నాను."

"రేపు లేచి సెప్పు."

దానియేలు గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. "లైసెన్సు పోతాది. బండి పోతాది. సంఘంలో సగం మంది పిల్లల్ని స్కూలుకి దింపీది నానే. రంగులు తెలవని గుడ్డోడి బండిలోనా మా పిల్లల్ని ఎక్కించాం అనరేటి? గంగాభవానికి కూడా తెలవదు. పోర్టు ఉద్యోగం పోయిందని తొమ్మిదేళ్ళుగా నా మీద జాలి పడతన్నాది. ఆ జాలి మీద బతుకుతన్నాను."

"జాన్ పాల్ ఏటి మీద బతకాలి మరి?"

కృపావతే అంది ఆ మాట. పక్కింటివాళ్ళ రేడియో వినిపిస్తోంది. దూరంగా గూడ్సు బండి వెళ్తోంది.

"పద," అన్నాడు జ్ఞానదాసు, చొక్కా వేసుకుంటూ. "సీతమ్మధార, జాన్ పాల్ ఇంటికి తీసుకెల్లు. నాతో నువ్వు లోపలికి రానక్కర్నేదు."

ఈ ఆటో వెనకసీట్లో వందసార్లు కూర్చుని ఉంటాడు జ్ఞానదాసు. ఇవాళ మొదటిసారి రోడ్డు చూస్తున్నాడు. సిగ్నల్ దగ్గర దీపం మారింది. దానియేలు మెడ ఎత్తి, పైదీపమా కిందిదీపమా అని ఒక్క క్షణం వెతకడం అద్దంలో కనబడింది. చటుక్కున "ఎరుపు" అనేశాడు జ్ఞానదాసు. అప్పటికే బండి ఆగింది.

"తెల్సు అన్నయ్యా. పైది ఎలిగింది," అన్నాడు దానియేలు. "ఏడేళ్ళలో బండి మీద ఒక్క గీత పడనేదు."

ఆ మాట అంటుంటే వాడి చెవుల వెనక చెమట కారుతోంది. ఈ తమ్ముడికి చిన్నప్పుడు సైకిలు నేర్పింది తనే. వీడికి ఏం కనబడుతుందో ఏం కనబడదో ఏనాడూ చూడలేదు. వీడికి జరిగిన అన్యాయం ఒక్కటే చూశాడు. అది కూడా జరగలేదు.

జాన్ పాల్ ఇంట్లో తలుపు తీసే ఉంది. హాల్లో చాప మీద కూర్చుని, తెల్లగుడ్డతో చిన్న గాజు గ్లాసులు ఒక్కొక్కటీ తుడిచి చెక్కపెట్టెలో పేరుస్తున్నాడు. ఎనిమిదేళ్ళుగా ప్రతి మొదటి ఆదివారానికి ముందు రోజు అతను చేసే పని ఇది.

"రా బావా. కూకో." లేచి కుర్చీ జరిపాడు. "సాయంత్రం అయ్యగారికి అప్పగించీవాలి ఇవి. శుభ్రంగా ఇవ్వాలి కదా."

జ్ఞానదాసు కుర్చీలో కూర్చోలేదు. చాప అంచున కూర్చున్నాడు.

"మంచినీళ్ళు తాగుతావా?"

"టీ తాగుతాను."

జాన్ పాల్ చేతిలో గుడ్డ ఆగింది. సన్నగా నవ్వాడు. "తొమ్మిదేళ్ళయ్యింది బావా నువ్వు మా ఇంట్లో టీ అడిగి. క్రిస్మస్‌కి కేకు పెడితే ముట్టవు, కోడి వండితే ముట్టవు. మంచినీళ్ళు సాలంటావు. నీకు షుగరొచ్చిందేమో, పైకి సెప్పుకోలేకపోతన్నావేమో అనుకునీవాడ్ని. అక్కనడిగితే నేదంది. అయినా నాకు అనుమానమే. షుగరున్నోళ్ళకి పనికొచ్చీ బిస్కెట్లు కూడా కొని ఉంచాను ఓపాలి."

తొమ్మిదేళ్ళు తను మౌనంగా భరించాననుకున్నాడు. గొప్పగా భరించాననుకున్నాడు. ఎదుటివాడు మాత్రం ఆ మౌనానికి ఒక జబ్బు పేరు పెట్టుకుని, దానికి బిస్కెట్లు కొన్నాడు!

"నువ్వు తియ్యనేదురా," అన్నాడు. "ఆ కవరు. నాకు తెలిసింది."

"నాకెప్పుడూ తెల్సు, నాను తియ్యనేదని." జాన్ పాల్ ఇంకో గ్లాసు అందుకున్నాడు. "నీకెలగ తెలిసింది?"

జ్ఞానదాసు చాప పీచు ఒకటి లాగాడు.

"మరెవులు తీసారు?"

కిటికీలోంచి వీధి చివర ఆటో కనబడుతోంది. దానియేలు హేండిలు మీద తల ఆనించుకుని కూర్చున్నాడు.

"అది సెప్పలేను."

జాన్ పాల్ గ్లాసు కింద పెట్టాడు. చాలా నెమ్మదిగా పెట్టాడు.

"నా పేరు సెప్పడానికి నోరొచ్చింది బావా నీకు. రెండొందల మందిలో లేచి సెప్పావు. ఇప్పుడు తీసినోడి పేరు, ఈ నాలుగ్గోడల మధ్య, నా ఒక్కడికి సెప్పడానికి రాదేటి?"

జ్ఞానదాసు తల దించుకున్నాడు.

"రేపు లేచి సెప్తాను. నాను పొరపాటు పడ్డానని సెప్తాను."

"ఎలగ తెలిసిందని అయ్యగారు అడుగుతారు. ఏటి సెప్తావు?"

లోపల్నించి టీ వచ్చింది. జ్ఞానదాసు తాగాడు. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలీలేదు.

"అక్క ఏటంటన్నాది?" అని అడిగాడు జాన్ పాల్ చివరికి.

"సంచీ సర్దీసింది. నీ పేరు నిలబడకపోతే రేపు ఆరాధన నుంచి ఇటే వొచ్చీస్తాదంట."

జాన్ పాల్ గ్లాసులన్నీ పేర్చి, పెట్టె మూత మూసి, మూత మీద చెయ్యి అలాగే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. బావమరిది ఆ మౌనంలో ఏం తేల్చుకున్నాడో జ్ఞానదాసు అడగలేదు. అడగడం నేర్చుకోవలసిన రోజే అది. అయినా అడగలేదు.

ఆదివారం పొద్దున్న స్టెఫీ అద్దం మీద అంటించి ఉన్న కాగితం పీకింది. "నేను సాధించగలను" అని ఎర్ర పెన్నుతో రాసుకున్న కాగితం. "డాడీ, ఈ బుక్ కూడా పారేస్తున్నా."

"పారీకు. అక్కడ పెట్టు."

"ఇంకా దేనికి డాడీ? చేసింది చాలదా?"

"ఏడో పాఠమే ఇంకా అవ్వనేదే," అన్నాడు జ్ఞానదాసు.

ఒక మాట తయారు చేసుకున్నాడు. రాత్రంతా కాదు, గేటు దాటి మందిరం మెట్లెక్కే లోపల తయారు చేసుకున్నాడు. ఆ కవరు పోస్ట్‌మేన్ నాకే ఇచ్చాడు, నేనే షిఫ్ట్ బస్సులో పోగొట్టాను, తప్పు కప్పిపుచ్చుకోడానికి బావమరిది మీదికి నెట్టాను. అంతే. అబద్ధమే. ప్రభువు బల్ల ముందు అబద్ధం! కానీ ఈ అబద్ధం తన ఒక్కడి నెత్తిన పడుతుంది. మొన్న నిజమనుకుని చెప్పింది ఇంకొకడి నెత్తిన పడింది.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాడు. ఆడవాళ్ళ వైపు గోడ వార కృపావతి కూర్చుంది. ఒళ్ళో నీలం సంచీ. పక్కావిడ ఊరెళ్తున్నారా అక్కా అని అడగడం, కృపావతి తెలవదమ్మా అనడం వినిపించింది. వెనక ఆఖరి చాప మీద దానియేలు, పక్కన ఆడవాళ్ళ వరసలో గంగాభవాని. ముందు తెల్లగుడ్డ కప్పిన బల్ల. గ్లాసుల పళ్ళెం ఈసారి ఇంకో సంఘపెద్ద అర్జునరావు చేతిలో ఉంది. అలవాటు లేని చెయ్యి, గ్లాసులు గలగలలాడుతున్నాయి.

జాన్ పాల్ కనబడలేదు. రాలేదేమో. రాకపోతేనే మంచిదేమో అనుకున్నాడు జ్ఞానదాసు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

పాట అయింది. ప్రార్థన అయింది. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు. "బల్లకి ముందు, సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?"

జ్ఞానదాసు చాప మీద అరచెయ్యి ఆనించాడు. మోకాలు లేపాడు. నడుము సగం లేచింది.

గుమ్మంలో నీడ పడింది.

తెల్లచొక్కా, తెల్లపేంటు. మొదటి ఆదివారాలకి వేసుకునే బట్టలే. జాన్ పాల్ ఎటూ చూడకుండా చాపల మధ్య నుంచి నడిచి వచ్చాడు. బల్ల దాకా వెళ్ళలేదు. దానికి నాలుగడుగుల ఇవతల, వెళ్ళకూడని గీత ఏదో అక్కడ ఉన్నట్టు ఆగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అయ్యగారూ," అన్నాడు. గొంతు స్థిరంగా ఉంది. "మా బావ సెప్పింది నిజమే. ఆ కవరు నానే దాచాను. మా బావ క్షమించాడు. సంఘం కూడా నన్ను క్షమించాలి. మా అక్క ఇంట్లో ఈ గొడవ ఇక్కడితో ఆగాలి."

"స్తోత్రం," అన్నారెవరో. "స్తోత్రం, స్తోత్రం," అని హాలంతా అందుకుంది. ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. వెనకెక్కడో గంగాభవాని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తొమ్మిదేళ్ళ తరవాత తన మొగుడికి న్యాయం జరిగిందని ఏడుస్తోంది.

జ్ఞానదాసు సగం లేచిన నడుముతో అలాగే ఉండిపోయాడు. పైకి లేవలేడు, కింద కూర్చోలేడు. తయారు చేసుకున్న మాట నోట్లోనే ఉంది. ఇప్పుడది అంటే జాన్ పాల్ బల్ల ముందే అబద్ధమాడినవాడవుతాడు. అనకపోతే బతికినన్నాళ్ళూ దొంగవుతాడు.

కృపావతి తమ్ముడి వైపు చూడటం లేదు. ఒళ్ళో సంచీ మీద రెండు చేతులూ వేసుకుని, మొగుడి వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. కోపమే నయం అనిపించింది అతనికి.

అయ్యగారు చెయ్యెత్తి జాన్ పాల్ తల మీద ఉంచబోయారు.

అప్పుడు వెనక ఆఖరి చాప కదిలింది.

దానియేలు లేచి నిలబడ్డాడు. ఏడుస్తున్న గంగాభవాని మొహం ఎత్తి మొగుడి వైపు చూసింది. వాడికి అడుగు వెనక, తెరిచిన గుమ్మం ఉంది. ముందు రెండొందల మందిని దాటుకుంటూ వెళ్తే బల్ల ఉంది.

కాళ్ళు రానేదన్నయ్యా అన్నవాడు, ఒక కాలు ముందుకి కదిపాడు.